పాల బండి ఆయువు

ఏప్రిల్ 7, సోమవారం

ఆరుకే ఎండ షెడ్డు గోడ దిగింది. గాలి లేదు. ఏడు గంటలకు ముప్పై తొమ్మిది డిగ్రీలు.

షెడ్డు మీద సోలార్ పలకలు నలభై ఎనిమిదీ తుడిచాను. గుడ్డ పిండిన నీళ్లు ఎర్త్ గుంతలో పోశాను. గుంత ఎండితే చార్జరు ఊరికే ఆగిపోతుంది. ట్రాక్టర్లు రెండూ ఎనిమిదికి చేను నుంచి వచ్చాయి. బానెట్ మీద చెయ్యి ఆనలేదు. గంటసేపు నీడలో ఆరనిచ్చి చార్జింగ్ గన్ను పెట్టాను. పదకొండున్నరకు ఎండ సైరన్. సైరన్ మోగాక నాలుగు వరకూ ఊళ్లో ఎవరూ బయట తిరగకూడదు. నేను మాత్రం షెడ్డులో ఉండొచ్చు. బండ్లకు చవకగా కరెంటు దొరికేది ఆ వేళలోనే. మనుషులు తలుపులేసుకుని పడుకున్నప్పుడు పలకల కరెంటుకు వేరే గిరాకీ ఉండదు, అదంతా బండ్లదే. పొద్దు వాలాక వాడేది దాచిన కరెంటు. అది ఇళ్ల ఫ్యాన్లకు, పాల కూలరుకు, పిండి మరకు వాటాలేసి ఉంది. బండ్లకు అందులో వాటా లేదు.

సాయంత్రం అయిదున్నరకు పాల బండి టౌను నుంచి వచ్చింది. ఈ పేజీ రాయాల్సి వచ్చింది దానివల్లే.

బండి తెర మీద రెండంకెలు కనిపిస్తాయి. పై అంకె ఇప్పుడు బ్యాటరీలో ఎంత నిండుందో చెబుతుంది. కింది అంకె బ్యాటరీ ఆయువు. కొత్తలో నూరు ఉండేది. జనవరిలో డెబ్బై తొమ్మిది. ఈరోజు డెబ్బై రెండు.

డ్రైవరు దస్తగిరి చెప్పింది ఇది. క్వారీ మలుపు దగ్గర పై అంకె ముప్పై ఒకటి. షెడ్డుకు వచ్చేసరికి తొమ్మిది. మధ్యలో ఆరు కిలోమీటర్లు.

"ఆరు కిలోమీటర్లకు ఇరవై రెండు తాగిందా?" అన్నాను.

"నేనేమన్నా తాగిన్యానా అక్కా, నన్నడుగుతావు?" అన్నాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

నలభై ఆరు డిగ్రీలు. పలకల మీద ఎర్ర దుమ్ము. రెండుసార్లు తుడిచాను.

డిపో నుంచి కాగితం వచ్చింది. ఇరవై ఆరో తేదీ శనివారం ఏటా జరిగే తనిఖీ. బ్యాటరీలు డిపోవి, మా ఊరికి వాడుకోవడానికి ఇచ్చారు. పదేళ్లు రావాలి. ఆయువు డెబ్బై కిందికి పోతే ఆ బండి పనికిరానిదని తీసుకుపోతారు. కొత్తది కావాలంటే వరసలో నిలబడాలి. పక్కూరు వాళ్లు మూడేళ్ల నుంచి నిలబడి ఉన్నారు.

పాల బండి ఏం చేస్తుందో రాస్తాను. సోమవారం, గురువారం కూలర్లో దాచిన పాలు తీసుకుని టౌనుకు పోతుంది. యాభై రెండు కిలోమీటర్లు. పాలతో పాటు రక్తం శుద్ధి చేయించుకునే వాళ్లు నలుగురు పోతారు. ఉదయం అయిదూ నలభైకి బయల్దేరి, మిషను మీద నాలుగు గంటలు పడుకుని, సైరన్ అయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉండి తిరిగొస్తారు. టౌనులో ఊరి బండ్లకు గన్ను ఇవ్వరు. మిగతా రోజుల్లో ఈ బండే గుట్ట బోరు నుంచి తాగునీళ్లు తెస్తుంది.

ఆ నలుగురిలో ఒకడు ఎర్రిస్వామి. నా పెనిమిటి. ఈ షెడ్డు పుస్తకంలో ఇంటి సంగతులు రాయకూడదు. కానీ ఇది బండి సంగతే.

బండి లేకపోతే ఆ నలుగురూ టౌనులో ఆస్పత్రి హాస్టలుకు పోవాలి. ఒక గదిలో నలభై మంచాలు. మనిషికి ఒక ట్రంకుపెట్టె. చూడ్డానికి వచ్చేవాళ్లకు నెలకొక ఆదివారం. ఎర్రిస్వామి పలుపులు, ఉట్లు అల్లుతాడు. హాస్టల్లో తాళ్లు పెట్టుకోనివ్వరు.

నేను ఈ షెడ్డుకు వచ్చి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో ఒక్క బండికి ఎనభై దాటి నింపలేదు. ఇరవై కిందికి దిగిన బండి వస్తే డ్రైవరును నిలబెట్టి అడిగాను. గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉన్నదే చేశాను. ఎనభై దాటించరాదు. ఇరవై దిగనీయరాదు. వేడి బండికి గన్ను పెట్టరాదు. పెళ్లిబండిని నిండుగా పంపమని పెళ్లికూతురి మేనమామ వచ్చి తగువు పెట్టుకున్నా ఎనభైకే ఆపి పంపాను. ట్రాక్టర్లకు ఇన్ని ఏళ్లలో ఆయువు అంతగా తగ్గలేదు. పాల బండికి ఎందుకు తగ్గుతోంది?

నాకు తోచింది ఒకటే. హైవే మీద డ్రైవర్లు లేని పెద్ద లారీల కోసం మెరుపు గన్నులున్నాయి. పది నిమిషాల్లో నింపుతాయి. ఆ వేడికి బ్యాటరీ లోపల ఉడికిపోతుంది. దస్తగిరి తొందరకు ఆ గన్ను పెట్టిస్తున్నాడని అనుకున్నాను. సాయంత్రం అతణ్ని అడిగేశాను.

దస్తగిరి అన్నాడు: "అక్కా, ఆ గన్నుల కాడికి పోతే లారీలు హారన్ కొడ్తాయి. డ్రైవరు ల్యాకపోయినా తిట్టేది మాత్రం బాగా నేర్చుకున్యాయి. ఒగసారి మొగం కడుక్కుందామని ఆపినా, అంతే. నువ్వే రా గురువారం. బండ్లో కూచోని కండ్లతో సూడు."

"వస్తా" అన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

వేకువన కాస్త చల్లగా ఉంది. ముప్పై మూడు. గన్నులు పెట్టే పని పాల కూలరు చూసే నాగలింగకు అప్పజెప్పి బండెక్కాను. ఎనభైతో బయల్దేరాం.

హైవే మీద ఇరవై ఒక్క కిలోమీటర్లు. దస్తగిరి గంటకు నలభై దాటి పోలేదు. దిగుడు వచ్చిన చోట కాలు తీసేసి బండిని దొర్లనిచ్చాడు. నేనైనా అంత జాగ్రత్తగా నడపలేను. ఆస్పత్రి ముందు వేపచెట్టు నీడ కోసం రెండు ఫర్లాంగులు వెనక్కి పోయి నిలిపాడు. గన్నుల దగ్గర ఆపలేదు. తిరుగు ప్రయాణంలోనూ ఆపలేదు.

క్వారీ మలుపులో పై అంకె ఇరవై నాలుగు. చెరువు నిండితే నీళ్లు పొర్లే మొరవ దగ్గరికి వచ్చేసరికి పందొమ్మిది. అక్కడ ఒక్కసారిగా మూడుకు పడి బండి నిలిచిపోయింది. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లు.

మిషను మీద నుంచి లేచిన రోజు వాళ్లకు నడిచే ఓపిక ఉండదు. నలుగురినీ బండ్లోనే కూర్చోబెట్టాం. ట్రాక్టరు వచ్చి మోకు కట్టి లాగింది. ఆ మోకు ఎర్రిస్వామి అల్లిందే.

"నా తాడే నన్ను ఈడ్చకపోతాంది" అన్నాడు వెనక సీట్లోంచి. మిగతా ముగ్గురూ నవ్వారు.

షెడ్డు దగ్గర దిగాక దస్తగిరికి మా ఇంటి మజ్జిగ ఇచ్చాను. తాగి, చెంబు బోర్లించి, "నాదేమన్నా తప్పుండాదా?" అన్నాడు.

"ల్యా" అన్నాను.

ఆయువు డెబ్బై ఒకటి.

ఏప్రిల్ 13, ఆదివారం

నలభై ఏడు. చేను పని ఎవరూ చేయలేదు. నీళ్ల ట్రిప్పులు మూడు వేశాం.

ఎర్రిస్వామి అటక మీద నుంచి ట్రంకుపెట్టె దించాడు. అందులో వేరుశెనగ విత్తనాలున్నాయి. వాటిని గోనెసంచిలోకి పోసి పెట్టె తుడిచాడు. రెండు పంచెలు, గడ్డం గీసుకునే అద్దం పెట్టాడు. నేను చూస్తుంటే, "ఖాళీ జాగా ఎంతుందో సూస్తాండా, అంతే" అన్నాడు.

"ఇంకా పదమూడు దినాలుండాది" అన్నాను.

"అందుకే నిదానంగా సర్దుతాండా."

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్నటి టౌను ట్రిప్పుకు దస్తగిరి గంటకు ముప్పైతో నడిపాడు. పాలడబ్బాలు సగమే వేశాం. బండి ఎలాగో ఇల్లు చేరింది. ఆయువు డెబ్బై.

ఈరోజు పదకొండు నుంచి చార్జరు నాలుగుసార్లు ఆగిపోయింది. ఎర్త్ గుంతలో మూడు బిందెలు పోసినా లాభం లేదు. కడ్డీ చుట్టూ మట్టి ఇటుకలాగా గట్టిపడిపోయింది. బొగ్గు, ఉప్పు మార్చాల్సిందే. దస్తగిరి గడ్డపార తెచ్చాడు. సైరన్ మోగినా వెళ్లలేదు.

గుంత గోడ వారనే ఉంటుంది. వరద వచ్చిన ఏడు షెడ్డులో నీళ్లు నిలిచాయని నేలను మూరెడు ఎత్తు లేపారట. నేను రాకముందు సంగతి. కడ్డీ దొరికేదాకా తవ్వాలంటే ఆ పోసిన మట్టంతా తియ్యాలి. దస్తగిరి గోడ పొడవునా నాలుగడుగులు తవ్వాడు. తవ్వి, గడ్డపార పక్కన పెట్టి, గోడను అరచేత్తో తుడిచాడు.

"అక్కా, ఈడ ఇంగో వరస ఉండాది."

వంగి చూశాను. అవే అక్షరాలు, అదే నీలం రంగు. మట్టి కింద ఉండబట్టి పైవాటికన్నా కొత్తగా ఉన్నాయి.

నెలకు ఒక పూట నూరు వరకు నింపి, నాలుగు గంటలు కదపక గన్ను ఉంచవలెను. లేనిచో తూకం తప్పును.

దస్తగిరి రెండుసార్లు పైకి చదివాడు. నేను మట్టి కుప్ప మీద కూర్చున్నాను.

ఇది నేను రాయాలి. నాకు ముందు ఈ షెడ్డు చూసింది తిక్కస్వామి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నెలనెలా పున్నమి రోజు పాల బండిని షెడ్డులో నిలిపి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు. గన్ను పెట్టి పసుపు కుంకుమ చల్లేవాడు. నిమ్మకాయలు పెట్టిన బండి మర్నాడు ఉదయం దాకా కదలకూడదు. ఆరోజు నీళ్ల ట్రిప్పులు కూడా ఉండేవి కావు. పని అప్పజెప్పేటప్పుడు నాతో ఒకటే చెప్పాడు. "పున్నమి మాత్రం తప్పొద్దు." ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

నేను పదో తరగతి చదివాను. బండికి పూజేమిటి, నిమ్మకాయల కోసం ఊరు ఒక రోజు నీళ్లు మానుకోవడమేమిటి అనుకున్నాను. మొదటి పున్నమికే నిమ్మకాయలు తీసి పక్కన పెట్టి బండిని నీళ్లకు పంపాను. "మూఢనమ్మకాలతో బ్యాటరీ నిండదు" అన్నాను. చుట్టూ ఊరి జనం ఉన్నారు. తిక్కస్వామి ఉన్నాడు, అతని భార్య లాలెమ్మ ఉంది. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. తిక్కస్వామి నిమ్మకాయలు ఏరుకుని తువ్వాల్లో వేసుకుని పోయాడు. ఆ ఏడు చలికాలంలో చనిపోయాడు.

ట్రాక్టర్ల బ్యాటరీ వేరే రకం, వాటికిది అవసరం లేదని మట్టి కిందే దాని పక్క వరసలో ఉంది. పాల బండికే కావాలి. నాలుగేళ్లలో నలభై ఎనిమిది పున్నములు.

సాయంత్రానికి కొత్త బొగ్గు, ఉప్పు వేశాం. గోడ పక్క గుంతను పూడ్చలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

పొద్దున్నే మబ్బు. ఈ నెలలో మబ్బు చూసి ఆరేళ్లు. ఊరంతా ఆకాశంకేసి చూసి సంతోషపడింది. నేను పలకలకేసి చూశాను. మూడో వంతు కూడా రావడం లేదు.

నూరు నింపుదామని బండికి ఉదయమే గన్ను పెట్టాను. నాలుగు గంటలకు ఎనభై ఎనిమిది. అక్కడే ఆగింది.

ఏప్రిల్ 17, గురువారం

మబ్బు. నాలుగు చినుకులు. ఉక్క.

బండి టౌనుకు పోయి వచ్చింది. చెరువు మొరవ దగ్గర మళ్లీ నిలిచింది. మళ్లీ మోకు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయువు అరవై తొమ్మిది.

ఏప్రిల్ 19, శనివారం

నిన్నా మబ్బే, ఈరోజూ మబ్బే. రెండు రోజులూ బండి తొంభై దాటలేదు. ఇంకా వారం ఉంది. సోమ, గురువారాలు టౌను ట్రిప్పులు. ఎండ వస్తుందని కూర్చుంటే కుదరదు. దాచిన కరెంటు కావాలి.

ఇళ్ల ఫ్యాన్ల వాటా తీసుకోలేను. ఈ ఉక్కలో ముసలివాళ్లు పోతారు. కూలరు వాటా తీస్తే పాలు విరుగుతాయి. మిగిలింది పిండి మర. మర లాలెమ్మది. ఆ వాటా ఇవ్వాలన్నా మానాలన్నా ఆమె ఇష్టం.

సాయంత్రం మర ఆపే వేళకు పోయాను. లాలెమ్మ జల్లెడ దులుపుతోంది. జుట్టంతా పిండి. నన్ను చూసి జల్లెడ ఇంకాస్త గట్టిగా దులిపింది.

"యెవురూ? షెడ్డామెనా? జొన్నలు తెచ్చినావా?"

"జొన్నలు కాదు. పనుండి వచ్చినా."

"నా మరకాడ జొన్నల పని తప్ప యేం పనుంటాది?"

గోడ మీద వరస సంగతి చెప్పాను. ఏమీ దాచలేదు. ఆమె వింటూ జల్లెడను మేకుకు తగిలించింది.

"మా ఆయప్ప నిమ్మకాయలు పెడ్తాంటే అందరి ముందరా నవ్వితివి" అంది.

"నవ్వినా."

"మూఢనమ్మకం అంటివి."

"అన్నా."

"ఆ నోరేనా ఇది?"

"ఆ నోరే."

లాలెమ్మ నాకేసి చూసింది. కోపం ఉందో లేదో తెలియలేదు. ముఖమంతా పిండే.

"ఆయప్పకు చదువు రాదని నీకెట్ల తెలుసు? గోడ మీద రాసేటప్పుడు పెయింటరుకు పక్కన నిలబడి ఒక్కొక్క మాటా చెప్పింది ఆయప్పే. పుస్తకం డిపోవాళ్లు ఇచ్చింటే వరదలో కొట్టకపోయె. ఊరోళ్లకు బండి కదపొద్దు అని చెప్తే వింటారా? నీళ్లు కావాలంటారు, ఆస్పత్రంటారు, పెండ్లంటారు. నిమ్మకాయ పెడితే మాత్రం ఒక్కడూ ముట్టుకోడు. అందుకే పెట్టినాడు."

"ఆ మాట నాకు చెప్పింటే..." అన్నాను.

"నువ్వు అడిగింటే చెప్పుంటాడు. యెంత గావల్ల కరెంటు?"

"మూడు సాయంత్రాల వాటా. ముందరే తీసుకోని రేపు పగలే వాడతా."

"మూడు దినాలు మర ఆపితే ఊరు యేం తింటాది? నీ బ్యాటరీనా?"

"పిండి లేనోళ్లకు నేను విసిరిస్తా."

లాలెమ్మ అప్పుడు నవ్వింది. చాలాసేపు నవ్వింది. మర వెనక మూల చూపించింది. అక్కడ ఒక విసుర్రాయి ఉంది. పైన పాత గోనెలు.

"ఎత్తకపో. రెండుపక్కలా పట్టుకుంటేనే లేస్తాది. పున్నమి పోయి వారమాయ. పోనీలే, బ్యాటరీకి కండ్లున్యాయా? నిమ్మకాయలు నేను తెస్తా."

ఏప్రిల్ 20, ఆదివారం

మబ్బు. మధ్యాహ్నం రెండు తర్వాత పడమట కొంచెం విచ్చింది.

నిన్న సాయంత్రమే ఊరి తొట్లన్నీ నింపించాను. ఉదయం ఏడుకు పాల బండిని షెడ్డులో నిలిపాం. లాలెమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. ఆమె పెరట్లో చెట్టు ఇంకా బతికే ఉంది. చక్రాల కింద పెట్టమని నా చేతికిచ్చింది. పెట్టాను. చార్జరును అన్నిటికన్నా నెమ్మది మెట్టులో పెట్టి గన్ను తగిలించాను.

విసుర్రాయి షెడ్డులోనే వేసుకున్నాను. ఎనిమిది ఇళ్లవాళ్లు జొన్నలు, రాగులు తెచ్చి పెట్టి పోయారు. ఒక్కొక్కరూ నన్ను చూసి ఏదో ఒకటి అని పోయారు. "అక్కా, దీనికి గన్ను యాడ పెడ్తారు?" అని ఒకడు. దస్తగిరి ఒక పిడి పట్టుకుంటానన్నాడు. లాలెమ్మ వద్దంది.

పదకొండున్నరకు సైరన్. అందరూ వెళ్లారు. లాలెమ్మ వెళ్లలేదు. గోడ దగ్గర గుంతలోకి దిగి ఆ వరసను కొంగుతో తుడిచింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి చూసింది. ఆమెకు చదవడం రాదు. చదివి వినిపించాను.

"తూకం అనే మాట ఆయప్పదే" అంది.

పన్నెండూ పదికి పై అంకె నూరు. నాలుగేళ్లలో ఈ షెడ్డులో నూరు చూడడం ఇదే మొదలు. చెయ్యి అలవాటుగా గన్ను తియ్యబోయింది. తీయలేదు.

చార్జరు మూలుగు ఆగింది. అయిపోయిందనుకున్నాను. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. నాలుగున్నర వరకూ పదకొండుసార్లు ఆగి పదకొండుసార్లు పట్టుకుంది. మధ్యాహ్నమంతా ఆ చప్పుడు, విసుర్రాయి చప్పుడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి. ఏడు శేర్ల జొన్నలు, నాలుగు శేర్ల రాగులు విసిరాను. రాగుల్లో బరక ఉందని లాలెమ్మ రెండోసారి విసిరించింది.

నాలుగున్నరకు గన్ను తీశాను. ఆయువు చూశాను. అరవై తొమ్మిదే.

"మారలే" అన్నాను.

"జ్వరం మాత్ర మింగీ మింగకముందే తగ్గుతాదా? రేపు తిరగనీ" అంది లాలెమ్మ. పిండి సంచులు నెత్తినెత్తుకుని పోయింది.

బండి రాత్రంతా నిమ్మకాయల మీదే ఉంది.

ఏప్రిల్ 21, సోమవారం

తెల్లవారుజామున మబ్బు పోయింది. తూర్పున ఎర్రగా ఉంది. ముప్పై నాలుగు.

అయిదూ నలభైకి బండి కదిలింది. నాలుగు నిమ్మకాయలూ చితికాయి. ఎర్రిస్వామి కిటికీలోంచి తల పెట్టి చూశాడు. "సాయంత్రం మోకు తెచ్చేదా?" అని నేను అడగలేదు. అతనే మోకు చుట్ట వెనక సీట్లో వేసుకుని కూర్చున్నాడు.

పగలు పలకలు తుడిచాను. ట్రాక్టర్లకు గన్నులు పెట్టాను. బొబ్బల చేత్తో గుడ్డ పిండడం కష్టంగా ఉంది. నాలుగు నుంచి చెరువు మొరవ వైపు చూస్తూ షెడ్డు ముందు నిలబడ్డాను.

అయిదూ ఇరవైకి దుమ్ము కనిపించింది. బండి మొరవ దాటింది. నిలవలేదు. ముందు ట్రాక్టరు లేదు.

దస్తగిరి షెడ్డులో నిలిపి తాళం తియ్యకుండా, "రా, సూడు" అన్నాడు. పై అంకె ముప్పై నాలుగు. క్వారీ మలుపులో నలభై అట. ఆరు కిలోమీటర్లకు ఆరు. ఆయువు డెబ్బై అయిదు.

రెండుసార్లు తెర ఆపి మళ్లీ పెట్టించాను. డెబ్బై అయిదే.

ఎర్రిస్వామి మోకు చుట్ట భుజాన వేసుకుని దిగాడు. "ఊరికే మోసుకపోయి మోసుకొచ్చినా" అన్నాడు.

ఏప్రిల్ 24, గురువారం

నలభై అయిదు. ఎండ బాగా ఉంది. పలకలు పూర్తిగా పనిచేశాయి. ఎనభైకే ఆపాను. నెలకొక పూట తప్ప గోడ మీది మిగతా వరసలు అలాగే ఉంటాయి.

బండి అయిదూ పావుకు వచ్చింది. ఆయువు డెబ్బై ఎనిమిది. లాలెమ్మ మర మళ్లీ మొదలుపెట్టింది. విసుర్రాయి తిరిగి ఇవ్వడానికి పోతే, "ఉంచుకో, పున్నమికి పనికొస్తాది" అంది. నవ్వులాటకో నిజానికో తెలియలేదు. షెడ్డులోనే ఉంచాను.

ఏప్రిల్ 26, శనివారం

డిపో నుంచి ఫిలోమినా మేడమ్ తొమ్మిదికి వచ్చింది. చిన్న వయసు. ఎండకు టోపీ మీద తడిగుడ్డ వేసుకుంది. ట్రాక్టర్లు ముందు చూసింది. తర్వాత పాల బండికి తన డబ్బా తగిలించింది. అరగంట పట్టింది. ఆ అరగంటలో ఎర్రిస్వామి షెడ్డు బయట నీడలో కూర్చుని ఉట్టి అల్లుతున్నాడు. తల ఎత్తలేదు. ఒక ముడి తప్పువేసి విప్పుకున్నాడు. అతను ముడి తప్పు వేయడం నేను చూడలేదు ఇంతవరకు.

"డెబ్బై తొమ్మిది. మార్చి నెలలో మాకు వచ్చిన లెక్కలో డెబ్బై మూడే ఉండిందే?" అంది మేడమ్.

ఈ పుస్తకం ఇచ్చాను. ఏడో తేదీ నుంచి చదివింది. చదువుతూ ఒకసారి నా చేతులకేసి చూసింది.

"లోపల తొంభై ఆరు గదులుంటాయమ్మా" అంది. "ఎప్పుడూ ఎనభైకే ఆపితే గదులు ఒకదానికొకటి ఎగుడుదిగుడు అయిపోతాయి. ఒక్క గది ఖాళీ అయినా బండి నిలిచిపోతుంది. బ్యాటరీ చెడిపోలేదు. దానికి తన లెక్క తప్పిపోయింది, అంతే. చాలా ఊళ్లలో ఇలాంటివి చచ్చిన బ్యాటరీలని తీసుకుపోయాం."

"తీసుకుపోయినవి ఏమైనాయి?" అని దస్తగిరి అడిగాడు.

మేడమ్ పుస్తకంలో ఆ పేజీలు ఫోటో తీసుకుంది. గోడ కింది వరస కూడా తీసుకుంది. గుంతలోకి దిగేటప్పుడు లాలెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇది ఎవరు రాయించారు?"

"మా ఆయప్ప" అంది లాలెమ్మ.

"పేరు?"

"తిక్కస్వామి. రాసుకోండమ్మా."

మేడమ్ రాసుకుంది. బండిని ఇంకో ఏడాదికి ఉంచుతున్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది. సైరనుకు ముందే, పదకొండూ పదికి, వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి ట్రంకుపెట్టె అటక మీద ఉంది. వేరుశెనగ విత్తనాలు మళ్లీ అందులోనే ఉన్నాయి. అద్దం గోడ మేకుకు ఉంది. ఎర్రిస్వామి గడ్డం గీసుకున్నాడు.

"ఖాళీ జాగా సాల్లేదు" అన్నాడు.

ఏప్రిల్ 28, సోమవారం

ఆకాశంలో ఏమీ లేదు. ముప్పై అయిదు. పలకలు తుడిచాను. గోడ పక్క గుంత చుట్టూ మట్టి పడకుండా రాళ్లు పేర్చాను.

పాల బండి అయిదూ నలభైకి టౌనుకు బయల్దేరింది. పాలడబ్బాలు పన్నెండు. దస్తగిరి, ఎర్రిస్వామి, మిగతా ముగ్గురు. ఎనభైతో పోయారు. మోకు తీసుకుపోలేదు.